రహీం సాహెబ్ : బూట్లు లేని ఆటగాళ్లకు గురువు

చరిత్ర గ్రంథాలలో రాజులకు, సేనానులకు, కవులకు, రాజకీయ నాయకులకు తగినంత చోటు దొరుకుతుంది. మైదానపు అంచున నిలబడి, ఎండకు మాడి, వానకు తడిసి, ఇతరుల పిల్లలకు ఆట నేర్పిన పంతులుకు అందులో ఒక పుట దొరకడం కూడ కష్టమే. అటువంటి ఒక పంతులు మన హైదరాబాదు నగరంలోనే పుట్టి, ఇక్కడి పాఠశాలల్లోనే పాఠాలు చెప్పి, భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును ఆసియా ఖండానికే తలమానికంగా నిలబెట్టి, ఈ మట్టిలోనే కలిసిపోయారు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. ఆ తరం వారందరికీ ఆయన రహీం సాహెబ్. ఈ సంవత్సరపు సంచికలో ఆయన జీవితాన్ని మా తోటి విద్యార్థుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచడం మా కర్తవ్యమని భావించి ఈ వ్యాసం వ్రాస్తున్నాము.

ఇప్పుడే ఈ ప్రస్తావన ఎందుకని కొందరికి సందేహం కలుగవచ్చు. దానికి కారణం ఉన్నది. బడంగ్‌పేటలో సాయంకాలం వేళ ఏ ఖాళీ జాగా దగ్గర నిలబడి చూచినా పిల్లలు బంతి ఆడుతూనే కనిపిస్తారు. 2008లో శంషాబాదు విమానాశ్రయం వచ్చిన నాటి నుండి మన చుట్టూ ఉన్న పొలాలు ప్లాట్లుగా, ప్లాట్లు ఇండ్లుగా మారుతూ వచ్చాయి. నిన్న ఆడుకొన్న చోట నేడు హద్దురాళ్లు కనిపిస్తున్నాయి. అయినా పిల్లలు మరొక జాగా వెదుక్కొని ఆడుతూనే ఉన్నారు. వారిలో సగం మంది కాళ్లకు బూట్లు ఉండవు. ఇక మన కళాశాలలోనో, క్రీడల మాట వచ్చినప్పుడెల్లా చర్చ అంతా ఏ రకం బూట్లు కొనాలి, ఏ ధరలో బంతులు తెప్పించాలి, చొక్కాల రంగు ఏమిటి అన్న చుట్టూనే తిరుగుతున్నది. గత సంవత్సరం ఒక పోటీకి వెళ్లినప్పుడు, బూట్లు లేవన్న ఒక్క కారణంతో మా సహాధ్యాయులు ఇద్దరు గీత బయట కూర్చోవలసి వచ్చింది. వారిద్దరూ మాలో మంచి ఆటగాళ్లు. ఆనాడు మా మనసులో పుట్టిన ప్రశ్నే మమ్మల్ని రహీం సాహెబ్ జీవితం వైపు నడిపించింది. ఆటను బాగుచేసేది సామగ్రియా, సాధనయా? సామగ్రి అవసరమే అయితే అది లేనివాని గతి ఏమిటి?

ఈ ప్రశ్న మనకు మాత్రమే పుట్టినది కాదు. గోల్కొండ కోట చెంత గోల్ఫ్ మైదానం ఉన్న నగరం మనది. ఆ ఆట ఆడే ఔత్సాహికులలో కొత్త కర్ర కొంటే కొత్త నేర్పు వస్తుందన్న ఆశ లోకమంతటా ఉన్నదే. ఒకప్పుడు ఒక్కొక్కరు ఇరవైకి పైగా కర్రలు సంచిలో వేసుకొని బయలుదేరేవారు. చివరకు 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం 14 కర్రలకు మించి ఉండరాదని నియమం విధించవలసి వచ్చింది. అయితే అంతకు ముందే, 1930లో, బాబీ జోన్స్ అనే అమెరికా న్యాయవాది ఆటను వృత్తిగా స్వీకరించకుండానే, పాతకాలపు చెక్క కాడల కర్రలతోనే, బ్రిటన్, అమెరికాల నాలుగు మహా పోటీలను ఒకే సంవత్సరంలో గెలుచుకొన్నాడు. తరువాత ఆయనే మెరుగైన ఉక్కు కాడల కర్రల రూపకల్పనలో పాలుపంచుకొని, సామాన్య ఆటగాళ్లకు పాఠాలు చెప్పే చలనచిత్రాలలో నటించాడు. అనగా, నేర్పు ముందు, పరికరం తరువాత. కాని రెండింటిలో దేనినీ చిన్నచూపు చూడరాదు. సంపన్నుల ఆటలో జోన్స్ నిరూపించిన ఈ సత్యాన్నే పేదల ఆటలో రహీం సాహెబ్ నిరూపించారు.

బాల్యము, విద్య

రహీం సాహెబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. అంతకు ముందు సంవత్సరమే మూసీ వరద నగరాన్ని అతలాకుతలం చేసింది. ఆ దుఃఖం నుండి నగరం ఇంకా తేరుకొంటున్న రోజులవి. సికింద్రాబాదు కంటోన్మెంటులోని బ్రిటిష్ పటాలాల ద్వారా ఫుట్‌బాల్ ఇక్కడికి వచ్చి, మెల్లమెల్లగా నగరపు మొహల్లాలలో వేళ్లూనుకొంటున్న కాలం కూడ అదే. దొరల ఆటగా వచ్చినది కొద్ది కాలంలోనే బస్తీ పిల్లల ఆట అయింది. ఒక బంతి ఉంటే చాలు, ఇరవై మంది ఆడుకోవచ్చు. పేదవానికి ఇంతకంటె చవకైన వినోదం ఏమున్నది?

1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రహీం సాహెబ్ చదువుకొన్నారు. విశ్వవిద్యాలయపు జట్టులో ఆడారు. కళాశాల విద్యార్థులు, పాత విద్యార్థులు కలిసి ఏర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ అనే జట్టులోను, తరువాత స్థానిక లీగులో పేరెన్నికగన్న ఖమర్ క్లబ్బులోను ఆయన ఆట సాగింది. బి.ఏ. పట్టా పుచ్చుకొని ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన పాఠశాలలు. పిదప వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలల క్రీడా బాధ్యతను స్వీకరించారు.

ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. ఆయన గొప్ప ఆటగాడుగా దేశమంతటా పేరు పొంది, ఆ పేరుతో శిక్షకుడు అయినవారు కారు. ఆయన మొదట పంతులు. తరగతి గదిలో వెనుక బెంచీ పిల్లవానికి లెక్క ఎందుకు రావడం లేదో ఆలోచించే పంతులు ఎట్లు ఆలోచిస్తాడో, మైదానంలో ఆయన అట్లే ఆలోచించారు. ఆయన విజయ రహస్యం ఇందులోనే ఉన్నదని మా విశ్వాసం.

ఆట నేర్పిన విధానము

1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. 1940ల తొలి సంవత్సరాలలో రహీం సాహెబ్ ఆ సంఘానికి కార్యదర్శి అయ్యారు. తరువాత ఆంధ్రప్రదేశ్ సంఘానికి కూడ కార్యదర్శిగా ఉండి, మరణించే వరకు ఆ బాధ్యతను మోశారు. కార్యదర్శి పదవి అంటే పత్రాలపై సంతకాలు చేయడమని ఆయన అనుకోలేదు. పిల్లల ఆటలోని లోపాలేమిటో కనిపెట్టి, ఆ లోపాలను తొలగించే విధంగానే పోటీలను రూపొందించారు.

ఆనాటి కుర్రవాళ్లకు బంతి దొరికితే వదలబుద్ధి కాదు. ఒంటరిగా నలుగురిని తప్పించుకొని పోవాలన్న సరదా. ఈనాటి మా ఆటలోను ఉన్న జబ్బే ఇది. రహీం సాహెబ్ దీనికి ఉపన్యాసంతో మందు వేయలేదు. బంతిని వెంట తీసుకుపోవడమే నిషిద్ధమైన పోటీలను ఏర్పాటు చేశారు. బంతి అందగానే మరొకనికి అందించాలి. అందించిన వెంటనే ఖాళీ చోటుకు పరుగెత్తాలి. అట్లు ఆడగా ఆడగా, తల ఎత్తి తోటివాడు ఎక్కడున్నాడో చూడడం పిల్లలకు అలవాటైపోయింది.

రెండవ లోపం, అందరూ కుడికాలినే నమ్ముకొనడం. ఎడమకాలు కేవలం నిలబడడానికే అన్నట్లు ఉండేది. అందుకు ఆయన చేతకాని కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టారు. మొదట నవ్వులాటగా కనిపించినా, కొన్నాళ్లకు ఆ కుర్రవాళ్లు ఏ వైపు నుండి బంతి వచ్చినా తడబడని స్థితికి వచ్చారు. ఈ రెండు ఉపాయాలకు అయిన ఖర్చు ఎంత? పైసా లేదు. కొత్త సామగ్రి ఏమీ అక్కరలేకపోయింది. ఒక నియమం మార్చారు, ఆట మారింది. బంతిని నేలబారున, చిన్న చిన్న దూరాలకు, వేగంగా అందించుకొంటూ ముందుకు సాగే హైదరాబాదు ఆటతీరు ఇట్లే రూపు దిద్దుకొన్నది.

ఆయన శిక్షణకు అద్దం పట్టినది హైదరాబాదు సిటీ పోలీసు జట్టు. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరాలు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును ఆ జట్టు గెలుచుకొన్నది. 1950, 1954, 1957 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్పును కూడ తెచ్చింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956, 1957లలో వరుసగా హైదరాబాదు గెలిచింది. కలకత్తా జట్లే ఫుట్‌బాల్‌కు యజమానులన్న భావం దేశమంతటా పాతుకుపోయిన రోజులలో, దక్కను పీఠభూమి నుండి వచ్చిన కానిస్టేబుళ్లు, గుమాస్తాలు ఆ భావాన్ని తలక్రిందులు చేశారు.

సికింద్రాబాదు ప్రాంతపు అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కథను ఇక్కడ చెప్పకుండా ఉండలేము. కడు పేద కుటుంబం. పారవేసిన పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవానిచేత మార్పించుకొని ఆడిన కుర్రవాడు. రహీం సాహెబ్ అతని ఆట చూచి శిక్షణకు రమ్మన్నారు. రోజూ అంత దూరం రావడానికి అతని వద్ద డబ్బు లేదని తెలిసి, అద్దె సైకిలుకు తామే ఏర్పాటు చేశారు. ఆ కుర్రవాడే 1956, 1960 ఒలింపిక్స్‌లో భారతదేశానికి ఆడి, 1962లో ఆసియా స్వర్ణం గెలిచిన జట్టులో నిలిచాడు. ఆనాడు ఆ సైకిలు అద్దె లేకుంటే దేశం ఒక మహా క్రీడాకారుని పోగొట్టుకొని ఉండేది కదా!

వట్టి కాళ్ల నుండి బూట్ల వరకు

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్సుతో తలపడింది. పదకొండు మందిలో ఎనిమిది మంది వట్టి కాళ్లతో ఆడారు. రెండు పెనాల్టీలు వృథా కాగా 2-1 తేడాతో ఓడినా, వారి ఆట చూచి అక్కడి ప్రేక్షకులు ముగ్ధులయ్యారు. వట్టి కాలికి బంతి స్పర్శ బాగా తెలుస్తుంది. ఎండిన నేలమీద పాదం చురుకుగా తిరుగుతుంది. మన దేశపు వాతావరణానికి, మన జేబులకు అది సరిపోయింది. రహీం సాహెబ్ జాతీయ జట్టు శిక్షకుడైన తరువాత, 1951 మార్చిలో కొత్త ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మేవాలాల్ కొట్టిన గోలుతో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారతదేశం స్వర్ణ పతకం గెలిచింది.

కాని మరుసటి సంవత్సరమే చేదు అనుభవం ఎదురైంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో పరాజయం కలిగింది. చలిదేశం, తడి నేల. వట్టి కాళ్ల ఆటగాళ్లు పట్టు దొరకక జారారు. ఆనాటి తోలు బంతి తడిసిన కొద్దీ నీరు పీల్చుకొని బరువెక్కేది. ఎదుటివారి పాదాలకు మేకుల బూట్లు, మనవారి పాదాలకు ఏమీ లేవు. ఆ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

నియమం ఒక్క రోజులో చేయవచ్చు. పాదాలకు అలవాటు చేయడం ఒక్క రోజు పని కాదు. బాల్యం నుండి వట్టి కాలితో ఆడినవానికి బూటు ఒక సంకెల వంటిది. బంతి ఎంత దూరంలో ఉన్నదో తెలియదు, తిరగబోతే మేకులు నేలలో చిక్కుకొంటాయి, మడమలు పుండ్లు పడతాయి. ఈ మార్పు జరిగిన నాలుగు సంవత్సరాలలోనే భారత జట్టు ప్రపంచపు తొలి నాలుగు స్థానాలలో నిలబడిందంటే, దాని వెనుక ఎంత ఓర్పు గల శిక్షణ ఉండి ఉంటుందో పాఠకులే ఊహించుకొనగలరు. ఓటమికి సామగ్రి లోపమే కారణమని చెప్పి చేతులు దులుపుకొనడం తేలిక. బూట్లు తొడిగిన తరువాత ఆట కూడ మారాలని రహీం సాహెబ్ గ్రహించారు. పాత పద్ధతి వ్యూహాలను విడిచి, రక్షణలో మరొకరిని చేర్చి, ముందు వరుసలో ఒకనిని వెనుకకు లాగి, కొత్త పద్ధతులను ప్రవేశపెట్టారు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆ కృషి ఫలించింది. ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను భారత జట్టు 4-2తో ఓడించింది. అందులో నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేశాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొట్టమొదటి ఆసియా దేశం మనదే. యుగోస్లావియాపై మొదటి గోలు మనమే చేసినా 4-1తో ఓడి, బల్గేరియా చేతిలోను ఓడి, నాలుగవ స్థానంతో తిరిగివచ్చాము. నాలుగేళ్ల క్రితం పది గోళ్లు తిన్న జట్టుకు ఇది పునర్జన్మ. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ చేతిలో 2-1తో మాత్రమే ఓడి, ఫ్రాన్సుతో 1-1గా సమంగా నిలిచి, పెరూ చేతిలో 3-1తో ఓడినది. ఆ జట్టుతో రహీం సాహెబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ వెళ్లారు.

చివరి కానుక

1962 నాటికి రహీం సాహెబ్ శరీరాన్ని క్యాన్సర్ వ్యాధి తొలిచివేస్తున్నది. ఆ స్థితిలోనే ఆయన జట్టును వెంటబెట్టుకొని ఆసియా క్రీడలకై జకార్తా వెళ్లారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాత థాయిలాండును 4-1తో, జపానును 2-0తో, సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచి ఫైనలుకు చేరారు. అక్కడ మరల దక్షిణ కొరియాయే ఎదురైంది.

పరిస్థితులన్నీ ప్రతికూలంగా ఉన్నవి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి విమర్శించినందున ఇండొనేషియా ప్రజలలో మన జట్టుపై ఆగ్రహం చెలరేగింది. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనవారిని గేలి చేస్తున్నారు. రక్షణ వరుసలోని జర్నైల్ సింగ్ తలకు థాయిలాండు ఆటలో గాయమై కుట్లు పడినవి. గోలు కాపరి పీటర్ తంగరాజ్ జ్వరంతో బాధపడి లేచినవాడు. ఇతడు కూడ హైదరాబాదులో పుట్టినవాడే. ఫైనలుకు ముందు రాత్రి రహీం సాహెబ్ తమ ఆటగాళ్లను కూర్చోబెట్టుకొని, ఆ స్వర్ణ పతకాన్ని తమకొక కానుకగా అడిగారని ఆ జట్టువారు తరువాత తలచుకొన్నారు. తమ రోజులు లెక్కపెట్టుకొంటున్న గురువు శిష్యులను కోరిన గురుదక్షిణ అది.

గాయపడిన జర్నైల్‌ను ఆయన వెనుక వరుస నుండి తీసి ముందు వరుసలో నిలిపారు. తంగరాజ్‌ను గోలు వద్ద నిలిపారు. 1962 సెప్టెంబరు 4న జరిగిన ఆ ఆటలో 17వ నిమిషాన పి.కె. బెనర్జీ, 20వ నిమిషాన జర్నైల్ సింగ్ గోళ్లు చేశారు. కొరియా ఒక్క గోలుతో సరిపెట్టుకొన్నది. 2-1తో చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు ఆసియా విజేత అయింది. శిష్యులు గురుదక్షిణ చెల్లించారు.

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాహెబ్ హైదరాబాదులో కన్నుమూశారు. వయస్సు 53 సంవత్సరాలు. ఆయన పోయిన తరువాత భారత జట్టు ఒలింపిక్స్ ప్రధాన పోటీలకు మరల వెళ్లలేదు. ఆసియా క్రీడలలో 1970లో కాంస్యం వచ్చినది గాని స్వర్ణం మరల రాలేదు. కుమారుడు హకీం తండ్రి బాటలోనే నడిచి, వాయుసేనలో ఉద్యోగించి, అంతర్జాతీయ రెఫరీగా పేరు పొంది 2021లో మరణించారు. 2024లో మైదాన్ అనే హిందీ చిత్రం వచ్చిన తరువాతనే ఈ తరం వారిలో చాలామందికి రహీం సాహెబ్ పేరు తెలిసింది. తమ ఊరివాని పేరును ఊరివారు సినిమా చూచి తెలుసుకోవలసి రావడం మనకు సిగ్గుచేటని ఒప్పుకొనక తప్పదు.

మనకు పాఠము

ఇంతకు మేము మొదట వేసుకొన్న ప్రశ్నకు ఈ జీవితం ఏమి సమాధానం చెప్పుచున్నది? సామగ్రి అక్కరలేదని చెప్పడం లేదు. హెల్సింకీ తడి నేలమీద వట్టి కాళ్లు ఏమైనవో మనం చూచాము. అయితే సామగ్రి ఉంటే చాలునని కూడ చెప్పడం లేదు. ఎడమకాలితో ఆడే పోటీకి ఏ దుకాణంలోను వస్తువు కొనవలసిన పని లేదు.

తోటి విద్యార్థులకు మా మనవి ఇది. బూటు కొనదలచినవారు పేరు చూచి కాక పాదం చూచి కొనండి. వేలి చివర కొద్దిపాటి చోటు ఉండాలి, మడమ కదలకూడదు. ఆడేటప్పుడు వేసుకొనే మేజోళ్లతోనే తొడిగి చూడండి. మన గట్టి నేలకు పొడవాటి మేకులు పనికిరావు, పొట్టి గుబ్బలు గలవి మేలు. కొత్త బూటుతో నేరుగా పోటీకి దిగక కొన్నాళ్లు సాధనలో మెత్తబరచండి. ఇక ప్రతిదినం పావుగంట చేతకాని కాలితో గోడకు బంతి కొట్టండి. వారానికొకసారి బంతిని వెంట తీసుకుపోరాదన్న నియమంతో ఆడండి. ఒక నెలలో కలిగే మార్పు ఎంత ఖరీదైన బూటుతోను రాదు.

కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. చొక్కాలకు, బహుమతి కప్పులకు పెట్టే సొమ్ములో కొంత తీసి, వివిధ కొలతల బూట్లు కొన్ని జతలు కళాశాల బీరువాలో ఉంచండి. గ్రంథాలయం నుండి పుస్తకం తీసుకొన్నట్లు, లేని విద్యార్థి సంతకం చేసి తీసుకొని ఆడి, శుభ్రం చేసి తిరిగి ఇస్తాడు. బడంగ్‌పేటలో ఇంకా మిగిలిన ఖాళీ నేలలో ఒక తునకనైనా మైదానంగా నిలుపుటకు ప్రయత్నించండి. బూట్లు లేవన్న కారణంతో మన విద్యార్థి ఎవడూ ఇకమీద గీత బయట కూర్చోరాదు.

ఒక పంతులు తన శిష్యునికి సైకిలు అద్దె ఇచ్చి దేశానికి ఒక బలరాంను ఇచ్చారు. మన మధ్య ఏ బలరాం ఉన్నాడో మనకు తెలియదు. గత సంవత్సరం గీత బయట కూర్చున్న ఆ ఇద్దరిలో ఒకడు కావచ్చు. వారిని లోపలికి పిలుచుకొనడమే రహీం సాహెబ్ స్మృతికి మనం అర్పింపగల నిజమైన నివాళి.